గోండుల పాట, పర్ధాన్‌ల బొమ్మ, ఓజాల ఇత్తడి

1940ల తొలి ఏళ్లలో ఇద్దరు పరదేశీ పండితులు గోండు సీమకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పల్లెల్లోనే మకాం పెట్టారు. ఆంగ్లేయుడైన వెరియర్ ఎల్విన్ నర్మద ఎగువన మండ్లా ప్రాంతంలో ఉన్నాడు. ఆయన కాపురమున్న ఊళ్లలో పటన్‌గఢ్ ఒకటి. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ గుట్టల్లో మార్లవాయిలో ఉన్నాడు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చిపడింది. హైమన్‌డార్ఫ్ పనికి ఆ అవసరమే దారి తీసింది. ఆ చివరి రాతల్లోనూ ఈ చివరి రాతల్లోనూ ఒక తెగ పేరు మాటిమాటికీ తగులుతుంది. వాళ్లే పర్ధాన్‌లు. మన ఆదిలాబాద్‌లో ప్రధాన్లంటాం. గోండుల వంశాల కథలను, దేవుళ్ల కథలను పాడేవాళ్లు. ఎల్విన్ సహచరుడు శ్యామ్‌రావ్ హివాలే నర్మద ఎగువ లోయ పర్ధాన్‌ల మీద 1946లో ఒక పుస్తకమే వెలువరించాడు.

ఆ తర్వాతి ఎనభై ఏళ్లలో ఈ రెండు చోట్ల పర్ధాన్‌లు రెండు దారులు పట్టారు. పటన్‌గఢ్ వాళ్లు చిత్రకారులై ప్యారిస్ దాకా, లండన్ దాకా వెళ్లారు. మార్లవాయి చుట్టుపక్కల వాళ్లు ఇప్పటికీ కిక్రి పట్టుకుని పాడుతున్నారు. ఒకే తెగ, ఒకే దేవుళ్లు. మరి దారులు ఎందుకు వేరయ్యాయి? నాకు తోచినంతలో దీనికి జవాబు కళాకారుడి చేతిలో సగమే ఉంది. మిగతా సగం ఆ కళను అడిగి చేయించుకున్నవాళ్ల దగ్గర ఉంది.

పూర్వం అడిగి చేయించుకునేవాడు గోండు. గఢా మండ్లాలో, దేవ్‌గఢ్‌లో, చాందాలో గోండు రాజులు కోటలు కట్టుకుని ఏలారు. 1564లో మొగలు సేనతో పోరాడి ప్రాణం విడిచిన రాణి దుర్గావతి గఢా రాజ్యానిదే. చాందా రాజుల ఏలుబడి ఉట్నూరు దాకా సాగింది. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను కలిపేసుకున్నారు. 1781లో మండ్లా కూడా మరాఠాల చేతికి పోయింది. రాజులు పోయినా పర్ధాన్‌కు పని పోలేదు. ఎందుకంటే అతని అసలు యజమాని రాజు కాదు, గోండు కుటుంబం. ఫలానా ఇంటిపేరు గోండుకు ఫలానా పర్ధాన్ అని తరతరాలుగా ముడి ఉంది. పుట్టుకకు, చావుకు, పెద్ద దేవుడి పూజకు పర్ధాన్ రావాలి, పాడాలి. ధాన్యమో బట్టో, ఒక్కోసారి పశువో పుచ్చుకోవాలి. తాము గోండులకు తమ్ముళ్లమని పర్ధాన్‌లు చెప్పుకుంటారు. మండ్లాలో అతని వాద్యం బానా. దాన్ని వాయిస్తేనే సాజా చెట్టులో ఉన్న బడాదేవ్ మేల్కొంటాడని నమ్మకం. సాజా అంటే మన నల్లమద్ది.

ఆదిలాబాద్‌లో ఈ ముడి మరీ గట్టిది. ఇక్కడి గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే వంశ సమూహాలుగా విడివడి ఉన్నారు. ప్రతి వంశానికీ ఒక పెర్సాపేన్, అంటే పెద్ద దేవుడు. ఆ దేవుడికి విగ్రహం ఉండదు. ఇనుప బల్లెం మొన, చవరీ మృగం తోకతో కట్టిన వింజామర, ఇంకొన్ని వస్తువులే ఆయన రూపం. ఆయన ఎక్కడ పుట్టాడు, వంశాన్ని ఎలా నడిపించాడు, ఏ నది దాటించాడు అన్నదంతా ప్రధాన్ పాటలో ఉంటుంది. మూడు తీగల కిక్రిని కమానుతో వాయిస్తూ అతను పాడితేనే పూజ జరిగినట్టు. ఇందులో నన్ను ఎప్పుడూ కదిలించే సంగతి ఒకటుంది. ఆదిలాబాద్ ప్రధాన్ల ఇంటి భాష మరాఠీ. పాడేది మాత్రం గోండీలో. తమ ఇంట్లో మాట్లాడుకోని భాషలో ఇంకో జాతి చరిత్రనంతా కంఠస్థం చేసి, తరం తర్వాత తరానికి అప్పజెప్పారు. నార్నూరు మండలం గుంజాలలో ప్రత్యేకమైన లిపిలో రాసిన గోండీ రాతప్రతులు ఇటీవలి కాలంలో వెలుగు చూశాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఆ లిపి కోసం పూనుకోవడంతో 2018లో దానికి యూనికోడ్‌లో చోటు దక్కింది.

పాట ప్రధాన్‌ది, అతనిలాగే గోండులకు పాడే తోటిది అయితే లోహం, ఇత్తడి పోతపోసే ఓజాది. జైనూరు మండలం ఉషేగావ్ పేరు డోక్రా అనే ఈ పోత పని తెలిసినవాళ్లందరికీ తెలుసు. దేవుడి గుళ్లో గంటలు, దండారి నాట్యమాడే గుస్సాడీల నడుముకూ కాళ్లకూ కట్టే గజ్జెలు, దీపాలు ఓజాలు పోసినవే. పని తీరు చెప్పుకోవడానికి సులువు, చేయడానికి కష్టం. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. మైనాన్ని సన్నని తీగలుగా సాగదీసి ఆ ముద్ద చుట్టూ ఒకదాని పక్కన ఒకటి చుడతారు. ఏనుగు తొండం మీద గీతలు, నెమలి మెడలో వరసలు ఆ మైనపు తీగలే. దానిమీద మెత్తని మట్టి పూత, ఆ పైన గరుకు మట్టి పూత వేస్తారు. ఆరాక కొలిమిలో కాలిస్తే మైనం కరిగిపోయి దాని జాగా ఖాళీ అవుతుంది. కరిగిన ఇత్తడి ఆ ఖాళీలోకి దిగుతుంది. చల్లారాక మూసను పగలగొట్టి వస్తువును బయటికి తీస్తారు. ఒక మూసకు ఒకటే వస్తువు. రెండోది కావాలంటే మళ్లీ మట్టి పిసకడం దగ్గర మొదలు. ఎక్కడో చిన్న గాలిబుడగ నిలిచినా ఇత్తడి సరిగా పారదు, వారం పని వృథా అవుతుంది. మొహంజోదారో నర్తకి బొమ్మను పోతపోసింది కూడా మైనం కరిగించే ఈ పద్ధతిలోనే. అయినా ఓజా గొప్పతనానికి ఆ ప్రాచీనతను సాక్ష్యం తేనక్కర్లేదు. గజ్జె మోగకపోతే గుస్సాడీ దాన్ని తిప్పి ఇచ్చేస్తాడు. ఓజా పనికి అసలు పరీక్ష అక్కడే ఉంది.

తిప్పి ఇచ్చేయగలిగినవాడు ఎదురుగా ఉండటం ఎంత పెద్ద సంగతో సవరలను చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోనూ సరిహద్దు దాటి ఒడిశా కొండల్లోనూ ఉన్న సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ఎల్విన్ 1955లో వాళ్ల మతం మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల సంగతి వివరంగా ఉంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, చనిపోయిన ఏ పెద్దకో కోపం వచ్చిందని తెలుస్తుంది. ఆ పెద్ద తనకో ఇల్లు కావాలంటాడు. గోడ మీది చతురస్రమే ఆ ఇల్లు. అందులో మనుషులు, గుర్రాలు, చెట్లు వేస్తారు. అతను అడిగితే రైలు, సైకిలు, విమానం కూడా వేస్తారు. ఇక్కడ బొమ్మను అడిగి చేయించుకునేది పోయినవాడు. అతనికి నచ్చకపోతే జబ్బు తగ్గదు. ఆదివాసీ కళ అంటే మార్పులేని పాత నమూనా అని ఇంకా రాసేవాళ్లు ఆ గోడల మీది విమానాలను ఒకసారి చూడాలి.

ఎల్విన్ 1951లో మధ్య భారత గిరిజన కళ గురించి రాసిన పుస్తకం నిండా, ఈ కళలు సన్నగిల్లిపోతున్నాయన్న దిగులు కనిపిస్తుంది. ఆయన దిగులుకు కారణం లేకపోలేదు. అడవులు రిజర్వు అయ్యాయి, భూములు షావుకార్లకు పోయాయి. తన కడుపే నిండని గోండు పర్ధాన్‌కు ఏమిస్తాడు? మండ్లాలో చాలామంది పర్ధాన్‌లు బానాను చూరులో దోపి కూలికి వెళ్లారు. స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం కొత్త యజమానిగా ముందుకొచ్చింది. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది, కమలాదేవి ఛటోపాధ్యాయ దాన్ని నడిపించారు. ఎంపోరియంలు, ప్రదర్శనలు, అవార్డులు వచ్చాయి. 1963లో హైదరాబాదులో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ పెట్టారు. ఈ పనులన్నిటి వల్ల పొయ్యిలు వెలిగాయి, కాదనను. కానీ ఎంపోరియంలో కొనేవాడు ఏనుగు బొమ్మను అల్మారాలో పెట్టుకోవడానికి కొంటాడు. గజ్జె మోగుతుందా లేదా అని అడగడు. మ్యూజియంలో చాలాకాలం వస్తువు కింద తెగ పేరే రాశారు, చేసినవాడి పేరు రాయలేదు. రవివర్మ చిత్రం కింద ‘మలయాళీ పని’ అని రాసి ఊరుకుంటే మనం ఒప్పుకుంటామా?

ఆ అలవాటు అక్కడక్కడా తెగిపోవడం 1960ల చివర మొదలైంది. బీహారు కరువులో మిథిల స్త్రీల చేతికి కాగితాలిచ్చి బొమ్మలు వేయమన్న భాస్కర్ కులకర్ణి, 1970ల్లో మహారాష్ట్ర వర్లీల దగ్గరికీ వెళ్లాడు. పెళ్లి ఇంట ముత్తైదువలు మాత్రమే గోడ మీద వేసే చౌక్‌కు బయట, తన ఆనందానికి రోజూ బొమ్మలు వేసుకునే జివ్యా సోమా మశే అక్కడ వెలుగులోకి వచ్చాడు. ఆడవాళ్ల పూజాకళ మగవాడి పేరుతో లోకానికి తెలియడం మీద చర్చ జరగాల్సినంత జరగలేదన్నది నా అభిప్రాయం.

అసలు మలుపు భోపాల్‌లో వచ్చింది. చార్లెస్ కొరియా రూపుకట్టిన భారత్ భవన్ 1982 ఫిబ్రవరి 13న తెరుచుకుంది. అందులోని కళా మ్యూజియానికి చిత్రకారుడు జె. స్వామినాథన్ సారథి. ఆదివాసీ కళను ఒక మూలన, ఆధునిక కళను ఇంకో మూలన పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. రెండూ ఈ కాలపు కళలే కాబట్టి ఒకే కప్పు కింద సమానంగా ఉండాలన్నాడు. 1981లో ఆయన పంపిన బృందం మధ్యప్రదేశ్ పల్లెలు తిరుగుతూ పటన్‌గఢ్ చేరింది. అక్కడ ఒక ఇంటి గోడ మీది హనుమంతుడి బొమ్మ వాళ్లను ఆపేసింది. వేసింది జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఇరవై ఏళ్లు నిండీ నిండని పర్ధాన్ కుర్రవాడు, కూలి పనులు చేసుకునేవాడు. స్వామినాథన్ అతణ్ని భోపాల్ తీసుకొచ్చి రంగులు, కాగితాలు చేతికిచ్చాడు.

జన్‌గఢ్ చేసిన పని ఎంత సాహసమో అతని పూర్వీకుల వృత్తి తెలిస్తేనే అర్థమవుతుంది. బడాదేవ్, ఠాకూర్ దేవ్, ఫుల్వారీ దేవి వంటి దేవుళ్లకు అప్పటిదాకా ముఖాలు లేవు. వాళ్లు చెట్టులో ఉన్నారు, రాతిలో ఉన్నారు, అన్నిటికన్నా ఎక్కువగా పాటలో ఉన్నారు. నోటి నుంచి చెవికి మాత్రమే నడిచిన దేవుళ్లకు కన్ను, కొమ్ము, రెక్క, రంగు ఇచ్చింది అతనే. ఇంటి గోడల మీద ఆడవాళ్లు వేసే దిగ్నా ముగ్గులు, ఒంటి మీది పచ్చబొట్ల వరసలు అతని చేతిలో బొమ్మ లోపల నింపే చుక్కలుగా, గీతలుగా మారాయి. జింక కొమ్ము చెట్టవుతుంది, చెట్టు కొమ్మ పక్షి అవుతుంది. దేన్నీ ఇక్కడితో అయిపోయిందని అతని గీత ఒప్పుకోదు. పాటలో పర్ధాన్ ఒక పేరు చెప్పి దానివెంట నూరు పేర్లు అల్లుకుంటూ పోతాడు. జన్‌గఢ్ కుంచెలో నాకు ఆ అల్లికే కనిపిస్తుంది. పాట మానేసి బొమ్మ పట్టాడని అతని గురించి అనలేం. అది మరో రూపంలో పాడటమే.

1989లో ప్యారిస్‌లో జరిగిన ‘మజీషియన్ ద లా తెర్’ ప్రదర్శనలో ప్రపంచ ప్రసిద్ధుల సరసన అతని బొమ్మలకూ, జివ్యా సోమా మశే బొమ్మలకూ స్థానం దొరికింది. భోపాల్‌లో కొరియా కట్టిన విధాన్ భవన్ గోడల మీద జన్‌గఢ్ పెద్ద చిత్రాలు వేశాడు. చట్టాలు చేసే చోట ఆదివాసీ దేవుళ్లు, జంతువులు గోడకెక్కాయి, ఎవరు వేశారో అందరికీ తెలుసు. ప్రజాజీవితంలో ఈ కళ సాధించిన పెద్ద గెలుపుల్లో అదొకటని నేను అనుకుంటాను. కొరియా కట్టిన ఈ భవనాల చరిత్రలో భూరీబాయి కూడా ఉంది. ఝాబువా నుంచి వచ్చిన భిల్లు స్త్రీ. భారత్ భవన్ కడుతున్నప్పుడు అక్కడ కూలి పని చేసింది. స్వామినాథన్ ఆమెనూ బొమ్మలు వేయమన్నాడు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

2001 జూలైలో జన్‌గఢ్ జపాన్‌లో, నీగాతా ప్రాంతంలోని మిథిలా మ్యూజియంలో పనిచేస్తూ ఉండగా ఆత్మహత్య చేసుకున్నాడు. నలభై దాకా వయసు. దేశం నలుమూలలా కళాకారులు ప్రశ్నలు లేవనెత్తారు. పరదేశంలో, భాష రాని చోట, నెలల తరబడి ఒంటరిగా కూర్చోబెట్టి బొమ్మలు వేయించడం ఏమిటని, ఆదివాసీ కళాకారుడికి ఒప్పందం, వేతనం, తిరుగు ప్రయాణం అన్నవి ఎవరి బాధ్యతని అడిగారు. ఆ ప్రశ్నలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. కొత్త యజమానులకు డబ్బు ఉంది, గోడలు ఉన్నాయి. గోండు ఇంటికి పర్ధాన్ వెళ్తే అతను ఆ ఇంటి తమ్ముడు. ఇక్కడ అతను ఎవరు?

అతను నాటిన మొక్క మాత్రం పెరిగింది. భోపాల్‌లోని అతని ఇంట్లో మేనల్లుళ్లు, తమ్ముళ్లు, ఆడపడుచులు బొమ్మలు నేర్చారు. ప్రతివాళ్లూ తమకంటూ ఒక నింపుడు గుర్తు ఎంచుకున్నారు. ఆ చుక్కలను, గీతలను చూసి ఎవరి బొమ్మో తెలిసినవాళ్లు చెప్పేస్తారు. ‘జన్‌గఢ్ కలం’ అన్న పేరు అలా వచ్చింది. భజ్జు శ్యామ్ లండన్‌లో ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, ఆ నగరాన్ని తన అడవి కళ్లతో చూశాడు. చెన్నైలోని తారా బుక్స్ 2004లో అచ్చువేసిన ‘ది లండన్ జంగిల్ బుక్’లో బిగ్‌బెన్ గడియారం కోడిపుంజుతో కలిసిపోయింది, ఎర్ర బస్సు నమ్మకమైన కుక్క అయింది. శతాబ్దాల పాటు వాళ్లొచ్చి మనల్ని బొమ్మలు గీసుకుపోయారు. ఈసారి పటన్‌గఢ్ వాడు వెళ్లి వాళ్లను గీశాడు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ 2011లో ‘భీమాయన’లో అంబేద్కర్ జీవితాన్ని బొమ్మల్లో చెప్పారు. గోండు దాతల కథలు పాడిన వంశం దళిత నాయకుడి కథ ఎత్తుకుంది. భజ్జుకు 2018లో, దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఇక ఈ చివరికి వద్దాం. హైదరాబాదుకు స్వామినాథన్ వంటివాడు దొరకలేదు. భారత్ భవన్ వంటిదీ రాలేదు. అందుకు నాకు చింత ఉంది. కానీ ఆదిలాబాద్ ప్రధాన్లు చిత్రకారులు కాకపోవడానికి అదొక్కటే కారణమని అనుకోను. మండ్లాలో ముడి చాలావరకు తెగింది కాబట్టి అక్కడి పాట కొత్త దారి వెతుక్కుంది. ఇక్కడ పెర్సాపేన్ పూజ ఇంకా ప్రధాన్‌ను పిలుస్తోంది. దీపావళికి దండారి కదిలితే గుస్సాడీకి నెమలిపింఛాల కిరీటం కావాలి, ఒంటికి బూడిద, భుజాన తోలు, చేతిలో గంగారాం సోటా కావాలి. గజ్జెలకు ఓజా కావాలి. అడిగేవాడు ఉన్నంతకాలం పాట బొమ్మ కావాల్సిన అవసరం పడలేదు.

గోదావరికి ఈ పక్కన కోయల్లోనూ అదే పద్ధతి. వాళ్ల కథకులైన డోలీలు పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ ఇంటిపేర్ల చరిత్ర చెబుతారు. సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్యకు దుర్గాబాయితో పాటే 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఒకే పద్మ జాబితాలో అక్కడి బొమ్మ, ఇక్కడి పాట పక్కపక్కనే నిలిచాయి. అంతకు ముందు ఏడాది మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు పద్మశ్రీ దక్కింది. 2024లో రామచంద్రయ్య, కనకరాజు ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. నకిలీని అడ్డుకోవడానికి చట్టం ఒక ఆయుధం ఇచ్చింది. అయితే ఆ చట్టం ఊరినీ వస్తువునూ కాపాడుతుంది. ఓజాకూ గోండుకూ మధ్య ఉన్న ముడి దాని పరిధిలోకి రాదు. ఇత్తడి ధర పెరిగితే, కాల్చడానికి కట్టె దొరక్కపోతే, పిల్లవాడు పట్నంలో సెక్యూరిటీ ఉద్యోగానికి పోతే గుర్తింపు పత్రం ఏమీ చేయలేదు. గుస్సాడీ బొమ్మలు ఇప్పుడు ప్రభుత్వ గోడల మీద, కూడళ్లలో బాగానే కనిపిస్తున్నాయి. వాటిని వేసిందెవరు, చూసి తప్పు చెప్పగల గోండు పెద్దను ఎవరైనా అడిగారా అన్న ఆరా మాత్రం ఎక్కడా వినబడదు. అడగకుండా వేసిన బొమ్మ అలంకారంగా మిగులుతుంది.

అడగడం అంటే ఏమిటో చూడాలంటే పుష్య మాసంలో కేస్లాపూర్ వెళ్లాలి. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి దాకా పోయి హస్తినమడుగు నుంచి జలం తెస్తారు. దానికన్నా ముందే సిరికొండ కుమ్మరులకు కుండలు చేయమని చెప్పి వస్తారు. ఆ కుండల్లోనే కోడళ్లు నీళ్లు మోస్తారు. వంశ పూజారి కటోడా పూజ చేస్తాడు, ప్రధాన్ కథ చెబుతాడు. కుమ్మరి, ప్రధాన్, ఓజా ముగ్గురికీ ఆ వేడుకలో పని ఉంది, మర్యాద ఉంది. నాగోబాకు కొత్త రాతి గుడిని మెస్రం వాళ్లు సొంత చందాలతోనే కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారు. రాజులు పోయినా, షావుకార్లు వచ్చినా, ప్రభుత్వాలు మారినా చేయించుకునే హక్కును వాళ్లు వదులుకోలేదు.

జాతర చివర దర్బారు జరుగుతుంది. హైమన్‌డార్ఫ్ కాలంలో, 1940ల్లో మొదలైన ఆనవాయితీ అది. అధికారులు వచ్చి కూర్చుని వినతులు పుచ్చుకుంటారు. పోడు పట్టాలు, రోడ్లు, తాగునీరు అక్కడ ఏటా వినబడే మాటలు. ఉషేగావ్ ఓజాలకు ఇత్తడి సరసమైన ధరకు ఇప్పించడం, కిక్రి నేర్పే ప్రధాన్‌కు ఆశ్రమ పాఠశాలలో నెల జీతంతో గురువు కుర్చీ ఇవ్వడం, జిల్లాలో ఏ ప్రభుత్వ గోడ మీద గోండు బొమ్మ వేయాలన్నా గోండుల పంచాయితీ అయిన రాయి సెంటర్ పెద్దలను అడిగి, వేసినవాళ్ల పేరు కింద రాయడం కూడా ఆ వినతుల్లో చేరాలి. ఈ మూడూ ఒక కలెక్టర్ సంతకంతో మొదలుపెట్టగలిగిన పనులే.